సవేరియా పీకిన నాలుగు ఈకలు

సవేరియా ముక్కు సంగతి కుమ్మరి వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. చూడ్డానికి అది పెద్ద ముక్కేమీ కాదు, వెల్లుల్లి రెబ్బంత ఉండేది. పని మాత్రం వేటకుక్క ముక్కు చేసే పని చేసేది. వీధికి ఈ చివర తన గడప మీద కూర్చుని శనగలు ఏరుకుంటూనే, ఆ చివర ఎవరింట్లో ఉల్లిపాయ మాడిందో, ఎవరి జాడీలో నూనె పాతబడిందో, ఎవరి మొగుడు రాత్రి ద్రాక్షసారా ఒలకబోసుకున్న చొక్కాతోనే పడుకున్నాడో చెప్పేసేది. పిల్లనివ్వబోయేవాళ్లు అవతలివాళ్ల వంటిల్లు వాసన చూసి రమ్మని తనను వెంట తీసుకెళ్లేవారని కూడా సవేరియా అనేది. ఈ ఒక్క మాట ఆమె తప్ప ఇంకెవరూ అనలేదు కాబట్టి సగం నమ్మితే చాలు.

ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చిందంటే ఆ ముక్కుకి చేతినిండా పని. విభూది బుధవారం పొద్దున గుడిలో నుదుట బూడిద పెట్టించుకుని వచ్చి, మధ్యాహ్నం ఆడవాళ్లంతా అదే బూడిదతో, అంటే పొయ్యిలోని బూడిదతో, గిన్నెలూ మూకుళ్లూ తోమేవాళ్లు. కొవ్వు జిడ్డు చుక్క మిగలకూడదు. ఇక ఈస్టరు దాకా మాంసం లేదు, పందికొవ్వు లేదు. చిక్కుడు గింజలు, శనగలు, పొలం గట్ల మీద కోసుకొచ్చిన చేదాకు, ఆలివ్ నూనె. అలాగని ఇంట్లో మాంసం లేక కాదు. జనవరిలో కోసిన పంది ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీది దూలానికి సాసేజి దండలై వేలాడుతూనే ఉండేది. తల ఎత్తితే సాసేజి, తల దించితే చిక్కుళ్లు. కలాబ్రియా కొండల్లో తపస్సంటే అదీ.

కాపలాకి ఒక ముసలమ్మ కూడా ఉండేది. ఆమెను కొరయీసిమ అంటారు, అంటే తపస్సు ముసలమ్మ అన్నమాట. ముందు రోజు రాత్రే తిని తిని పొట్ట పగిలి చచ్చిపోయిన కార్నివాల్ గాడి, అంటే తపస్సుకి ముందు వచ్చే విందుల పండుగ గాడి, పెళ్లాం. నల్లబట్ట చుట్టిన గుడ్డబొమ్మ, మూతి వంకర, చేతిలో కదురు, కింద ఒక బంగాళాదుంప, దుంపకి గుచ్చిన ఏడు కోడి ఈకలు. ప్రతి ఇంటి వాకిటి పైనుండే మేడ వసారా కటకటాలకి వేలాడదీసేవాళ్లు. ఆదివారం గుడిలో బలిపూజ అయ్యాక ఇంటి ఇల్లాలు ఒక ఈక పీకుతుంది. అలా ఆరు ఆదివారాలు. ఏడో ఈక పవిత్ర శనివారం మధ్యాహ్నం, గురువారం ఆగిన గుడి గంటలు మళ్లీ మోగినప్పుడు. ఆ వెంటనే బొమ్మలన్నీ వీధి మధ్యన కుప్పపోసి కాల్చేసేవాళ్లు.

కుమ్మరి వీధికి సొంతంగా ఒక కట్టడి ఉండేది. ఆ వారం ఉపవాసం తప్పినవాళ్లు ఆ ఆదివారం ఈక పీకకూడదు. ఎవరూ అడగరు, ఎవరూ ఇంట్లోకి తొంగి చూడరు. పీకని ఈక మాత్రం దుంప మీద అలాగే నిలబడి ఉంటుంది, గాలికి ఊగుతూ, కుళాయికి వెళ్లే ప్రతివాళ్ల కంట్లో పడుతూ. వీధిలో అందరికంటే అందమైన బొమ్మ చేసేది సవేరియా. అందరికంటే నున్నటి దుంపతో ఈస్టరుకి చేరేదీ ఆమే.

యుద్ధం అయిపోయి నాలుగేళ్లయింది అప్పటికి. సవేరియాకి ముప్పై ఆరేళ్లు. మొగుడు బ్రూనో అడవిలో బొగ్గు కాల్చే వాళ్లతో వెళ్లాడు, ఈస్టరుకి గాని రాడు. పిల్లలిద్దరూ బడికి పోయారు. రెండో వారం శుక్రవారం, పట్టపగలు పదకొండు గంటలు. పొగ అన్నివైపులా సమంగా తగలాలని ఆమె స్టూలెక్కి దూలానికున్న సాసేజి దండల్ని తిప్పి వేస్తోంది. పొయ్యి వేడికి ఒక దండ నుంచి కరిగిన కొవ్వు చుక్క ఆమె మణికట్టు మీద పడింది. ఆలోచించకుండా నాకేసింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. నాకాక ఎలాగూ తపస్సు చెడింది కదా అనుకుని చిన్న ముక్క కోసింది. పచ్చిది తింటే కడుపునొప్పి వస్తుందేమోనని మూకుట్లో వేసింది. మూకుట్లో అది ఒక్కటే ఉంటే బాగా లేదని గుడ్డు కొట్టింది. ఆకలితో చేసిందనో, ఒంట్లో బాగాలేక చేసిందనో చెప్పడానికి ఆమె మనవలు చాలా ప్రయత్నించారు, కుదరలేదు. వట్టి కక్కుర్తి. కిటికీ మూసింది, తలుపు మూసింది, నిలబడే తిన్నది. పొగగొట్టం సంగతి మర్చిపోయింది. ఆ రోజు దక్షిణపు గాలి. పైకి పోవాల్సిన పొగని అది అణచి వీధిలోకి దింపింది.

వీధిలో అరుగుల మీద ఆడవాళ్లు గింజలు ఒలుస్తున్నారు. ముందు ఒకరి చెయ్యి ఆగింది, తర్వాత ఇంకొకరిది.

"సాసేజి!" అంది ఎర్మెలింద. దుఃఖమాత సంఘానికి పెద్ద ఆమె. అరవై ఏళ్ల మనిషి, నడుముకి గుడి తాళాల గుత్తి. "శుక్రవారం పూట సాసేజి! ఎవరే అది, ఇంత సిగ్గులేనిది?"

"మీ వైపు నుంచే వస్తోంది అత్తా."

"నా వైపు నుంచా? నోరు కడుక్కో. అయినా మనకెందుకు ఈ గొడవ, సవేరియాని పిలవండి. అదే చెప్తుంది."

తలుపు దడదడలాడింది. సవేరియా చివరి ముద్ద నమలకుండానే మింగి, ఏప్రన్ అంచుతో మూతి తుడుచుకుని, తలుపు సందు తెరిచి గడప దాటి వెనకాల మూసేసింది. వీధి వీధంతా తన ముక్కు వంక చూస్తోంది. ఏళ్ల తరబడి ఆమె ముచ్చటపడిన చూపే అది. ఇవాళ మాత్రం తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"చెప్పు తల్లీ, ఎవరింట్లోంచి?" అంది ఎర్మెలింద.

నాకు తెలియడం లేదు అంటే చాలు. జలుబు చేసింది అన్నా చాలు. రెండిట్లో ఏదీ ఆమెకి తోచలేదు. తెలియదు అని ఆ ముక్కు అంతకు ముందెప్పుడూ అనలేదు. తల కాస్త పైకెత్తింది, కళ్లు మూసుకుంది, రోజూ చేసినట్టే. కళ్లు తెరిచేసరికి ఎదురుగా మూసి ఉన్న తలుపు ఒక్కటే కనిపించింది. చెయ్యి దానంతట అది అటు లేచింది.

"ఇప్పోలితక్క ఇంట్లోంచి" అంది.

ఇప్పోలిత విధవ. యాభై దాటిన పొడుగాటి మనిషి. మొగుడు రాతిగనిలో పోయాడు, పిల్లలు లేరు. గుడి బట్టలు ఉతికి బతికేది. ప్రతి ఏడూ పవిత్ర గురువారం నాడు, కొడుకుని సిలువకి ఇచ్చుకున్న తల్లి దుఃఖమాత విగ్రహానికి నల్ల మేలిముసుగు కట్టే మర్యాద ఆమెది. పదకొండేళ్లుగా ఆ ముసుగు ఆమె పెట్టెలోనే ఉండేది. మర్నాడు శుక్రవారం ఊరేగింపులో ఊరంతా చూసేది ఆ ముసుగు మడతలనే. ఇప్పోలితకి ఊళ్లో ఉన్న ఆస్తి అదొక్కటే.

"అదేమిటి, ఈ ఏడు ఆవిడ పందినే కొయ్యలేదుగా?" అన్నారెవరో.

"అదే కదా నేనూ అనేది!" ఎర్మెలింద తాళాలు గలగలలాడాయి. "పంది లేకుండా సాసేజి ఎక్కణ్ణుంచి వచ్చింది? పోయిన వారం మా అటక మీంచి ఒక దండ మాయమైంది. పిల్లేమో అనుకున్నా."

తపస్సు తప్పిందన్న మాట అంత సేపట్లోనే దొంగతనం అయిపోయింది. సవేరియా నోరు తెరవబోయి మూసేసింది. తెరిస్తే వాసన బయటపడుతుందన్న భయం కూడా ఉంది మరి.

సరిగ్గా అప్పుడే ఇప్పోలిత కుళాయి వైపు నుంచి వచ్చింది, నెత్తి మీద తడిబట్టల బుట్టతో. విషయం విన్నది. బుట్ట దించలేదు. వీధిలో ఇంతమందిని వదిలి సవేరియా ముఖంలోకే చూసింది, చాలాసేపు.

"నా ముక్కు అంత చదువుకోలేదు" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆదివారం వచ్చింది. బలిపూజ అయ్యాక అందరూ తమ తమ వసారాల్లోకి వచ్చారు. సవేరియా తన తపస్సు ముసలమ్మ ముందు నిలబడింది. ఈక వదిలేస్తే వీధికి తెలిసిపోతుంది. పీకితే తెలిసేది తనకి, ఈ వంకరమూతి బొమ్మకి. పీకింది. కోడి ఈక పీకడానికి అంత బలం అవసరమని ఆమె అనుకోలేదు.

ఎదురు వసారాలోకి ఇప్పోలిత వచ్చింది. తన బొమ్మ వంక చూసి, శాలువా సర్దుకుని, ఈక ముట్టుకోకుండా లోపలికి వెళ్లిపోయింది.

"చూశారా!" అంది ఎర్మెలింద కింద నుంచి. "ఒప్పుకున్నట్టేగా."

నాలుగో ఆదివారమూ అంతే. అందరూ పీకారు, ఇప్పోలిత పీకలేదు. ఆగలేక ఒకావిడ అడిగేసింది. "ఈ వారం కూడా తిన్నావా అక్కా?"

"తినలేదు."

"మరి పీకవేం?"

"నేను పీకితే మీరు నమ్ముతారా? సవేరియా ముక్కుని నమ్మారుగా, ఆ ముక్కునే అడగండి, ఎప్పుడు పీకమంటుందో."

సవేరియా ఆ మాట తన వంటింట్లో నిలబడి విన్నది. ఆ పూట చిక్కుళ్లలో ఉప్పు రెండుసార్లు వేసింది. పిల్లలు ముఖం చిట్లిస్తే, "తపస్సు కాలం, నోరు మూసుకుని తినండి" అని కసిరింది.

వీధి ఇప్పోలితని తిట్టలేదు. ఇంతకంటే తిట్టినా బాగుండేది. రొట్టెల రోజున పులిసిన పిండి ఇవ్వడానికి ఎవరూ ఆమె తలుపు కొట్టలేదు. కుళాయి దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. సవేరియా ఇదంతా చూసేది. చూసి, నోరు విప్పక్కర్లేని దారులు వెతికేది. కూతురి చేత ఆరు గుడ్లు పంపింది. ఆరూ తిరిగి వచ్చాయి, బుట్ట కూడా కడిగి. తెల్లారకముందే కట్టెలమోపు తీసుకెళ్లి ఆమె గడప దగ్గర పెట్టింది. కట్టెలు పది గంటలకల్లా తిరిగి సవేరియా గడపకే వచ్చాయి, ముందుకంటే పొందిగ్గా పేర్చి.

మట్టల ఆదివారానికి ముందు రోజు, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లింది. జాలీకి అవతల ఫాదర్ గారు కునికిపాట్లు పడుతున్నారు.

"తపస్సు శుక్రవారం సాసేజి తిన్నాను ఫాదర్ గారు."

"ఎంత?"

"చిన్న ముక్క."

జాలీ అవతల నుంచి ఒక ఆవులింత వినిపించింది.

"జానెడు" అంది సవేరియా.

"ఇంకా?"

"గుడ్డు."

"ఇంకా?"

"వాసన ఎవరింట్లోంచి అంటే... ఇంకొకరి పేరు చెప్పాను."

కునికిపాట్లు ఆగిపోయాయి. ఆయన ముందుకి జరిగి అన్నారు. "సాసేజికీ గుడ్డుకీ కలిపి మూడు జపమాలలు చెప్పు. పేరు విషయంలో జపమాలలు పనిచెయ్యవమ్మా. ఎక్కడ తీశావో అక్కడే నిలబడి తిరిగి ఇచ్చెయ్. ఆ తర్వాత రా, పాపక్షమాపణ ఇస్తాను."

"గట్టిగా చెప్పాలా ఫాదర్ గారు?"

"తీసినప్పుడు ఎంత గట్టిగా చెప్పావు?"

క్షమాపణ దొరక్కుండానే సవేరియా బయటికి వచ్చింది. అది దొరికితే గాని ఈస్టరు పూజలో ఇచ్చే దీవించిన రొట్టె, సత్ప్రసాదం, లేదు. ఈస్టరుకి సత్ప్రసాదం పుచ్చుకోకుండా బెంచీలో కూర్చుండిపోయే ఆడది ఊళ్లో ఇంతవరకూ లేదు.

మట్టల ఆదివారం ఆమెకి ఇంకో ఉపాయం దొరికింది. ఆ రోజు గుడిలో ఆలివ్ కొమ్మలు దీవించి ఇస్తారు. మాటలు లేనివాళ్లు ఒకరికొకరు కొమ్మ ఇచ్చుకుంటే పాత గొడవ పోయినట్టే. ఎవరూ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ముందు తన నాలుగో దొంగ ఈక పీకింది. పీకి, కొమ్మల్లోకెల్లా ఎక్కువ ఆకులున్నది ఏరుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

ఇప్పోలిత కొమ్మ వంక చూసింది. "ఏమిటిది?"

"మన మధ్య ఏమైనా ఉంటే పోతుందని అక్కా."

"మన మధ్య ఏముందే? నువ్వూ నేనూ ఎప్పుడు పోట్లాడుకున్నాం?"

"పోట్లాట కాదనుకో..."

"మరింకేమిటి? చెప్పు, వింటాను."

వీధిలో నలుగురు నడుస్తున్నారు. సవేరియా చెవులు ఎర్రబడ్డాయి. కొమ్మ ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"మంచి కొమ్మ" అంది ఇప్పోలిత. "పాడుచేసుకోకు. మీ దూలానికి కట్టుకో, సాసేజిల పక్కన."

తలుపు నెమ్మదిగానే వేసింది. సవేరియాకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఈవిడకి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

సోమవారం ఎర్మెలింద కబురు పెట్టింది. గుడి వెనక గదిలో సంఘం ఆడవాళ్లు, ఫాదర్ గారు ఉన్నారు. బల్ల మీద నల్ల మేలిముసుగు మడతపెట్టి ఉంది. ఎవరూ అడక్కముందే ఇప్పోలిత తెచ్చి ఇచ్చేసిందట.

"దొంగ చేతులు తగిలిన గుడ్డతో దుఃఖమాత ఊరేగకూడదు. ఈ ఏడు నువ్వు కట్టాలి తల్లీ" అంది ఎర్మెలింద. "వీధిలో నున్నటి దుంప నీదే. నీకంటే శుభ్రమైన చేతులు ఎవరివి?"

సవేరియా ఫాదర్ గారి వైపు చూసింది. ఫాదర్ గారు కిటికీ వైపు చూశారు. జాలీలో విన్నది ప్రాణం పోయినా బయట అనకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. ఆయనకి పెద్ద దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, "మీరు... బాగా ఆలోచించుకున్నారా?" అన్నారు.

"ఆలోచించడానికి ఏముంది ఫాదర్ గారూ?"

"ఏమీ లేదు, ఏమీ లేదు" అంటూ ఆయన జేబురుమాలు వెతుక్కున్నారు.

"నాకు మడతలు పెట్టడం రాదు అత్తా" అంది సవేరియా.

"పిన్నులు గుచ్చడం రాదా? ఏమిటా వినయం!" అని మెచ్చుకున్నారు ఆడవాళ్లు. ముసుగు ఆమె చేతుల్లో పెట్టారు.

గురువారం పొద్దున గుడి పక్క మందిరంలో ఆమె ఒక్కతే ఉంది. దుఃఖమాత తెల్ల లోపలి గౌనుతో, గుండెలో వెండి కత్తితో, ముసుగు కోసం చూస్తున్నట్టు నిలబడి ఉంది. చెక్క ముఖం మీద రెండు గాజు కన్నీళ్లు. సవేరియా పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని, ముసుగు దులిపి విప్పింది.

ముక్కు తన పని తాను చేసింది, ఎవరూ అడగకుండానే.

సవేరియా ఇంట్లో ఏ బట్ట విప్పినా పందికొవ్వు వాసనే. బ్రూనో ఆదివారం కోటు, పిల్లల దుప్పట్లు, ఆఖరికి జపమాల కూడా. పొగ పెట్టే ఇంట్లో అది తప్పదు, ఎవరికీ పట్టింపూ ఉండదు. పదకొండేళ్లు ఇప్పోలిత పెట్టెలో ఉన్న ఈ ముసుగుకి ఎండు కట్టెపుల్లల పొగ వాసన ఉంది, చాకిరేవు బూడిద వాసన ఉంది, బట్టల మధ్య పెట్టే సీమదానిమ్మ పండు వాసన లీలగా ఉంది. కొవ్వు వాసన చుక్క లేదు. కొసలు వెతికింది, కుట్లు వెతికింది, లోపలి పట్టీలోకి ముక్కు దూర్చింది. లేదు. ఒక్క ఏడాది పంది లేకపోవడం కాదది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి మాంసం లేదు. తపస్సు కాలం పోయాక కూడా లేదు. ఎదురింట్లో ఉంటూ, వీధి చివరి ఉల్లిపాయ కూడా వదలని తన ముక్కు ఇన్నేళ్లూ ఆ వంటింటి దాకా పోనేలేదు.

అలాంటి ఇంటికి కొవ్వు వాసన అంటగట్టింది.

పళ్ల మధ్య పిన్నుల్ని గట్టిగా కొరికింది. ఒకటి పెదవిలో గుచ్చుకుంది. ముసుగు గుండెకి అదుముకుని బయటికి నడిచింది.

ఇంటి వెనక గూట్లో ఎర్రకోడి గుడ్డు పెట్టే పనిలో ఉంది. సవేరియా ముసుగు భుజాన వేసుకుని, కోడిని చంకలో ఇరికించుకుని వీధిలోకి వచ్చి, నిలబడ్డ చోటే దాని తోకలోంచి ఈక పీకింది. కోడి పెట్టిన కేకకి కుమ్మరి వీధి మొత్తం తలుపులు తెరుచుకున్నాయి. రెండోది పీకింది. మూడోది పీకేసరికి ఎర్మెలింద తాళాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పిచ్చెక్కిందా నీకు? పవిత్ర గురువారం కోడిని కోస్తున్నావా?"

"కొయ్యడం లేదత్తా. ఈకలు కావాలి."

"ఎందుకు?"

నాలుగోది పీకి కోడిని వదిలేసింది. అది జీవితంలో ఇంత అవమానం ఎరగనట్టు మెడ నిక్కించి అరుస్తూ వెళ్లిపోయింది. సవేరియా తన బొమ్మని కటకటాల నుంచి దించి, దుంపకి నాలుగు ఈకలూ గుచ్చింది. అప్పటికే ఉన్న ఆఖరిదానితో కలిపి అయిదయ్యాయి. ఎదురుగా ఇప్పోలిత దుంప మీద ఉన్నవీ అయిదే.

"ఆ శుక్రవారం సాసేజి వేయించింది నేను" అంది. గొంతు కీచుమంది, మళ్లీ మొదలుపెట్టింది. "ఆ శుక్రవారం సాసేజి వేయించింది నేను. తిన్నది నేను. మీరు అడిగితే ఇప్పోలితక్క ఇల్లు చూపించాను. అప్పటి నుంచి నాలుగు ఆదివారాలు ఈ బొమ్మకి అబద్ధం చెప్పి ఈకలు పీకాను."

కోడి ఒక్కటే దూరంగా ఇంకా తిడుతోంది.

"మరి మా అటక మీది దండ?" అంది ఎర్మెలింద, పోయిన మర్యాదలో కొంతైనా దక్కించుకుందామని.

"మీ పిల్లిని పాపసంకీర్తనానికి పంపండి" అందొక ముసలావిడ. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వీధి పొడుగునా పాకింది. సవేరియా తల దించుకుని నిలబడింది. అది తన వంతు నవ్వు అని ఆమెకి తెలుసు. ఇన్నాళ్లూ తనను చూసి మెచ్చుకున్న కళ్లే అవి. ఒక్కొక్క జత వచ్చి తన ముక్కు మీద వాలుతుంటే, చేత్తో కప్పుకోవాలనిపించింది. కప్పుకోలేదు. ఒక చేతిలో బొమ్మ ఉంది, ఇంకో చేత్తో భుజం మీది ముసుగు పట్టుకుంది.

ఇప్పోలిత గడప దిగి వచ్చింది.

"నీకు తెలుసు కదక్కా" అంది సవేరియా. "ఎలా తెలిసింది?"

"ఆ రోజు నీ గడ్డం మీద కొవ్వు మెరుస్తూనే ఉంది. ఇంతమంది నీ ముక్కునే చూశారు. కాస్త కిందికి చూసినవాళ్లు లేరు."

"అప్పుడే అనకపోయావా?"

"అంటే? విధవ కుళ్లుబోతుతనం అనేవాళ్లు." ఇప్పోలిత ముసుగు అందుకుని విప్పి చూసింది. "వంకరగా మడిచావు. ఈ చుక్కేమిటి, రక్తమా?"

"పిన్ను గుచ్చుకుంది."

"చన్నీళ్లు పెడితే పోతుంది" అంటూ గుడి వైపు నడిచింది. క్షమించాననలేదు. రమ్మనీ అనలేదు. సవేరియా వీధి మధ్యన బొమ్మని పట్టుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా అలాగే ఉండిపోయిందని కొందరంటారు. అంతసేపు ఉండలేదు, కోడిని పట్టుకోవాలి కదా.

శుక్రవారం ఊరేగింపులో ముసుగు మడతలు ఎప్పటిలాగే నీళ్లు జారినట్టు జారాయి. శనివారం మధ్యాహ్నం గంటలు మోగాయి. ఆఖరి ఈక పీకిన నున్నటి దుంపల మధ్యలో అయిదేసి ఈకలతో రెండు ముసలమ్మలు కాలాయి. ఈకల కమురు కంపుకి అందరూ ముక్కు మూసుకున్నారు, సవేరియా తప్ప. ఈస్టరు నాడు సత్ప్రసాదానికి వరసలో అందరికంటే వెనక నిలబడింది. అడవి నుంచి వచ్చిన బ్రూనో, "ఊళ్లో విశేషాలేమిటి?" అంటే, "ఎర్రకోడికి తోక పోయింది" అంది. మిగతాది అతనికి కుళాయి దగ్గర వాళ్లు చెప్పారు.

ఆ తర్వాత సవేరియాకి జలుబు పట్టుకుంది. పాలు విరిగాయా చూడవే అంటే జలుబు. ఈ చేప తాజాదేనా అంటే జలుబు. వేసవిలో, చలికాలంలో, పెళ్లిలో, చావులో. తన పొయ్యి మీద తన చిక్కుళ్లే అడుగంటుతుంటే బ్రూనో పెరట్లోంచి అరిచేవాడు. "మాడుతోందే!" "నాకేం తెలుసు, జలుబు." ప్రతి తపస్సు కాలంలోనూ మూడో ఆదివారం ఈక వదిలేసేది. ఎందుకని పిల్లలడిగితే, "అది గట్టిగా దిగబడింది, రావడం లేదు" అనేది.

అలా ఏడేళ్లు. ఎనిమిదో ఏడు తపస్సు కాలంలో సెయింట్ జోసెఫ్ పండుగ వచ్చింది. ఆ రోజు మాంసం లేకపోయినా నూనెలో పిండిగారెలు వేయించుకోవచ్చు. వీధంతా పొయ్యిల దగ్గర ఉంది. ఇప్పోలిత వీధి దాటి వచ్చింది, చేతిలో నూనె జాడీ. అప్పటికి అరవై. ఆ ఏడేళ్లలో ఆమె సవేరియా గడప తొక్కింది లేదు. తలుపుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"చూడవే" అని జాడీ మూత తీసి గడప మీద కూర్చున్న సవేరియా ముఖం ముందు పెట్టింది. "ఇది పనికొస్తుందా?"

"నాకు జలుబు అక్కా."

"ఏడేళ్ల జలుబా? చీదేసి చూడు."

"ఇంకెవరినైనా..."

"నేను నిన్ను అడిగాను."

సవేరియా చేతులు ఒళ్లో తుడుచుకుంది. వీధి చూస్తోందని తెలుసు. కళ్లు మూసుకోలేదు, తల ఎత్తలేదు. ముందుకి వంగి వాసన చూసింది. చాలాసేపు చూసింది. ఆమె చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"చెప్పు మరి."

"పాడైంది అక్కా" అంది చిన్నగా. "పోయిన ఏడాదిది. ఎండలో పెట్టావు. ఇక దీపానికే."

"వినపడలేదు."

"పాడైంది!" అని అరిచింది సవేరియా. వీధి చివర దాకా వినపడింది.

"అంత గట్టిగా చెప్పాలా?" అంది ఇప్పోలిత. "ఊరంతా వినాలా నా నూనె కథ?" జాడీకి మూత పెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది. "ఏం చూస్తున్నావు? నా గారెలు దేంతో వేయించుకోను? నీ నూనె పోసివ్వు."

సవేరియా లేచి లోపలికి పరుగెత్తింది. ముక్కు ఎగబీలుస్తూ నూనె తెచ్చింది. అప్పుడు నిజంగానే జలుబు చేసినట్టుంది.